ఇసుక లారీలో వచ్చిన కుక్కపిల్ల, నా పది రోజుల పట్టిక

1959వ సంవత్సరం, జులై నెల 15వ తేదీ, బుధవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున నాలుగింటికి తగ్గి, ఆ సమయానికి సన్నని తుంపరగా మిగిలింది. గాలి పడమటి నుంచి వీస్తోంది. ఈ వివరాలు జ్ఞాపకం నుంచి చెబుతున్నవి కావు. ఇప్పటికీ నా దగ్గర ఉన్న చేతిపుస్తకంలోంచి ఎత్తి రాస్తున్నవి. జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ.

అప్పుడు నేను బెల్లంపల్లి వైపు ఒక బొగ్గుగనిలో టైంకీపరును. వయసు ఇరవై ఏడు, సర్వీసు మూడు సంవత్సరాల నాలుగు నెలలు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నా కిటికీ దగ్గర మస్టరు పడాలి, అంటే హాజరు నమోదు కావాలి. పక్క గది ల్యాంపు రూము. అక్కడ ప్రతి మనిషీ తన నంబరు చెప్పి తలదీపం తీసుకుంటాడు. నా మస్టరు సంఖ్య, అక్కడి దీపాల సంఖ్య దిగేటప్పుడు సరిపోవాలి, పైకి వచ్చాక మళ్ళీ సరిపోవాలి. ఆరున్నరకు మొదటి సైరను మోగగానే కిటికీ తెరిచేవాణ్ణి, ఏడింటికి రెండో సైరను మోగగానే మూసేవాణ్ణి. మధ్యాహ్నం షిఫ్టుకు మళ్ళీ రెండున్నరకు ఒకటి, మూడింటికి ఒకటి. యువ పాఠకులు ఈ నాలుగు వేళలను మనసులో ఉంచుకోవలసిందిగా మనవి. నేను ఉంచుకోలేదు, అదే ఈ కథ.

బొగ్గు తీసిన ఖాళీలను పూడ్చడానికి గోదావరి నుంచి లారీల్లో ఇసుక వచ్చేది. ఆ ఉదయం ఇసుక దించుతున్న డ్రైవరు వరుసలో నిలబడ్డ వాళ్ళను తోసుకుంటూ వచ్చి, తడిసిన గోధుమరంగు ముద్ద ఒకటి నా కిటికీలోంచి లోపలికి చాపాడు.

"సారూ, గీ మనిషికి గూడ మస్టరెయ్యి. ఇసుకల దొరికిండు."

అది కుక్కపిల్ల. వయసు సుమారు రెండు నెలలు. వణుకుతోంది. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. పక్క గదిలోంచి ల్యాంపు రూము పెద్దాయన వచ్చి, దాన్ని అందుకుని, తన గొంగడి కొంగులో చుట్టి తీసుకుపోయాడు.

ఆయన గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆయనకు యాభై దాటాయి. మిషను చర్చికి వెళ్ళే కుటుంబం. నేను పెద్దబాపూ అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. ముందటి సంవత్సరం ఆయన భార్య చనిపోయింది. అప్పటి నుంచి ఆయన నోట దీపాల నంబర్లు తప్ప వేరే మాట రావడం తగ్గింది. నంబర్లు తీసేస్తే రోజుకు పది మాటలకు మించవని నా అంచనా. పదిహేనో తేదీ మధ్యాహ్నం ఆయన ఆ కుక్కపిల్లతో అరగంట సేపు ఆగకుండా మాట్లాడాడు. గోడ అవతల నుంచి విన్నాను. లెక్కపెట్టడం సాధ్యం కాలేదు.

కుక్కపిల్లలో దోషం ఒక్కటే. బయటికి పోదు. గడప దాటిస్తే తోక కాళ్ళ మధ్య దూర్చి, నేలకు అతుక్కుని, అవకాశం దొరకగానే లోపలికి పరుగెత్తి, అక్కడ పని కానిచ్చేది. దీపాల కోసం వరుసలో నిలబడేవాళ్ళు చాలామంది ఒట్టి కాళ్ళవాళ్ళు.

"గనిల ఊట ఎక్కువని ఇంటిమి గని, ఆఫీసుల గూడ ఊట పడ్డదా సారూ?" అని ఒకడంటే, "మోటరు పెట్టి తోడాలె," అని ఇంకొకడు.

నాకు నవ్వు రాలేదు. జులై 21, మంగళవారం, మేనేజరు గారికి ఫిర్యాదు రాసి పంపాను. ఆరు రోజుల్లో పంతొమ్మిది సార్లు. ల్యాంపు రూములో పదకొండు, నా గదిలో ఆరు, వరండాలో రెండు. "తగు చర్య తీసుకోగలరు" అని ముగించాను. తగు చర్య అంటే ఒక బుట్టో, ఒక తాడో మంజూరవుతుందని నా ఉద్దేశం.

మేనేజరు గారు మితభాషి. మధ్యాహ్నం స్వయంగా వచ్చి, నా కాగితం చేతిలో పట్టుకుని, ఇద్దరినీ నిలబెట్టి చెప్పారు.

"లెక్క మంచిగ రాసినవ్. పది దినాలు మోహ్లత్ ఇస్తున్న. 31 తారీఖు నేనే వస్త. ఆ దినం ఆఫీసుల ఒక్క చుక్క కనబడ్డదంటె, దాన్ని ఇసుక లారీల ఎక్కించి గోదావరి అవతల దించి వస్తరు."

ఆయన కాగితం మీద కూడా అదే ఆదేశం రాసి, సంతకం చేసి వెళ్ళిపోయారు. పెద్దాయన నా వైపు తిరిగాడు.

"పుస్తకంల రాసుకున్నవు కద సారూ," అన్నాడు. "దాన్ని పంపెటి తారీఖు గూడ రాసుకో."

మూడు సంవత్సరాల నాలుగు నెలల్లో ఆయన నన్ను సారూ అని పిలవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం నేను అన్నం సరిగా తినలేదు. తప్పు నాది. నాకు తెలిసిన పద్ధతిలోనే దాన్ని సరిదిద్దాలని నిశ్చయించుకున్నాను. మరునాడు పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్ళి, కుక్కపిల్లకు బయట అలవాటు చేసే బాధ్యత నాదని చెప్పాను.

"నువ్వు? దాన్ని ముట్టుకోనీకే బుగులువడ్డవు."

"పద్ధతి ఉంటె అయితది పెద్దబాపూ."

"పద్ధతి," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

నా పద్ధతి ఇది. మస్టరు కిటికీ మూయగానే నాకు కొంత తీరిక దొరుకుతుంది. కనుక ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, మధ్యలో పదింటికి, పన్నెండింటికి, మొత్తం నాలుగు సార్లు బయటికి తీసుకుపోవాలి. స్థలం దగ్గరగా ఉండాలి. ఆఫీసు గడప నుంచి ఇంజను గది ముందున్న ఖాళీ జాగాకు ఇరవై రెండు అడుగులు. అంతకంటే దగ్గర స్థలం లేదు. పుస్తకంలో నాలుగు గళ్ళు గీశాను: తేదీ, సమయం, స్థలం, వాతావరణం. వాతావరణం ఎందుకంటే, వాన వల్లే అది బయటికి పోవడానికి భయపడుతోందని నా అనుమానం.

జులై 22 నుంచి 25 వరకు నాలుగు రోజులు. లోపల వరసగా నాలుగు, నాలుగు, మూడు, ఐదు. మొత్తం పదహారు. బయట రెండు. ఆ రెండింటిలో ఒకటి నా చెప్పు మీద.

26వ తేదీ ఆదివారం, గనికి సెలవు. కుక్కపిల్ల పెద్దాయన ఇంట్లోనే ఉంది. సోమవారం ఉదయం ఆరూ ఇరవై ఐదుకు పెద్దాయన నా గదికి వచ్చాడు.

"నిన్న ఒక్కపారి గూడ ఇంట్ల పొయ్యలే. అయిదుపార్లు బయటనే. చర్చిల ప్రార్థన అయ్యేదాక మెట్ల కాడ సప్పుడు చెయ్యకుంట పండుకున్నది."

"మీరు చూసిండ్రా, ఎవరన్న చెప్పిండ్రా?"

"నా కండ్లతోని చూసిన సారూ. పాస్టరు గారి సంతకం గూడ తేవాల్నా?"

నోటిమాట కనుక పెన్సిలుతో రాసుకున్నాను, మొత్తంలో కలపలేదు. అయితే ఆదివారం వాన పడలేదు. నా అనుమానం రుజువైందని సంతోషించాను. ఆ సోమవారం మళ్ళీ జల్లు పడుతోంది. ఏడింటి సైరను మోగగానే కిటికీ మూసి, ఒక చేత్తో కుక్కపిల్లను చంకన పెట్టుకుని, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని, ఇరవై రెండు అడుగులూ నడిచి దాన్ని నేల మీద దించాను. గొడుగు దాని మీద పట్టి, జేబులోంచి గడియారం తీసి, ఎదురుగా నిలబడ్డాను.

వాకిలి ఊడ్చే అక్క చీపురు ఆపింది. ఆమెది ఆదిలాబాదు అవతల, మరాఠీ మాట్లాడే వాళ్ళ పక్క ఊరు. గదులు ఊడ్చి తుడిచే పని కూడా ఆమెదే.

"నకో సారూ, నకో," అని వద్దంది. "జర తల మీదికెత్తి సూడు."

తల ఎత్తాను. ఇంజను గది కప్పు మీద నుంచి సైరను గొట్టం సరిగ్గా నా గొడుగు మీదికి వంగి ఉంది. ఇంకా మోగుతోంది.

"సైరన్ కొట్టంగనే దాన్ని ఎత్తుకోని సైరన్ కిందికే ఉరుకుతవు. అది ఉచ్చ పోస్తదా, పాణం ఇడుస్తదా?"

"వాన పడకుంట గొడుగు పట్టిన కద అక్కా."

"గొడుగు చెవులకు అడ్డం వస్తదా?"

ఆలస్యంగా వచ్చి నిలబడ్డ నలుగురు పకపకా నవ్వారు. ల్యాంపు రూము కిటికీలోంచి పెద్దాయన తల బయటికి పెట్టాడు.

"గడియారం పట్టుకోని గట్ల ఎదురుంగ నిలవడి గుడ్లు మిటకరిచ్చి చూస్తె, నాకే రాదు సారూ."

కుక్కపిల్ల ఈలోగా గొడుగు కింద నుంచి జారుకుని ల్యాంపు రూములోకి పరుగెత్తింది. ఏడూ నాలుగు నిమిషాలు, లోపల, ఒకటి.

అయినా నేను ఒప్పుకోలేదు. "సైరను వల్లనే అని ఆధారమేంది అక్కా?" అని అడిగాను.

"ఆధారమా?" ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "తుడిచెటిదాన్ని నేను. వారం దినాల సంది సైరన్ ఇనంగనే ముందుగాల గుడ్డ తడుపుకుంటున్న. ఇగ నీ బుక్కుల ఏమున్నదో నువ్వే సూస్కో."

చూసుకున్నాను. మధ్యాహ్నం పన్నెండు, ఒకటి గంటల మధ్య పట్టికలో ఐదో గడి గీసి, ప్రతి నమోదుకూ ముందు మోగిన సైరను ఎన్ని నిమిషాల దూరంలో ఉందో లెక్కకట్టాను. మొదటి పదహారింటిలో పదమూడు, సైరను మోగిన ఇరవై నిమిషాలలోపు జరిగినవి. వానతో పొత్తు కుదిరినవి ఆరే. నాలుగు రోజులుగా ఆ అంకెలు నా చేతిరాతలోనే ఉన్నాయి. నాకు సైరను అంటే కిటికీ మూసుకునే వేళ, ఊపిరి తీసుకునే వేళ. అది ఇంకొకరికి భయం కావచ్చునన్న ఊహ రాలేదు కాబట్టి దానికి గడి గీయలేదు. గడి లేని విషయం ఎంత ఎదురుగా జరిగినా లెక్కలోకి రాదని నేను నేర్చుకున్నది ఆ రోజు.

అక్క దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఇసుకల దొరికిన పిల్ల. ఇసుక కుప్ప ఎనుకకు తోల్కపో. ఇంజన్ గది అడ్డముంటది, సప్పుడు తక్కువ. లోపల తుడిచిన గుడ్డ ముక్కొకటి ఆడ పడేస్త, ఆ వాసనకు ఎరుకైతది. నువ్వు మాత్రం దాని దిక్కు సూడకు. పక్కకు మళ్ళి నిలవడు. పని అయినంక మంచిమాట చెప్పు. కానప్పుడు తిట్టకు."

"ఎన్ని నిమిషాలు నిలబడాలె?"

"అయ్యేదాక."

ఇసుక కుప్ప వెనక స్థలం గడప నుంచి డెబ్బై ఒక్క అడుగులు. వేళలు మార్చాను: మొదటి సైరనుకు ముందు ఆరూ పదికి, రెండోది మోగి సద్దుమణిగాక ఏడూ ఇరవై ఐదుకు, అన్నం పెట్టాక పన్నెండున్నరకు, మళ్ళీ రెండూ పదికి, మూడూ ఇరవై ఐదుకు. ఆరూ పదికి రావాలంటే నేను ఐదింటికే లేవాలి, లేచాను. సైరను మోగే వేళ నాకూ పెద్దాయనకూ ఊపిరాడని పని. అక్కకు ఊడ్చే పని జనం పోయాకే మొదలయ్యేది. అందువల్ల ఆ నాలుగు వేళలా ఆమె కుక్కపిల్లను కుప్ప వెనక తన ఒళ్ళో పెట్టుకుని, చెవుల మీద కొంగు కప్పి, జొన్నరొట్టె ముక్క తినిపించేది. సైరను ఆగేవరకు ఏదో మరాఠీ పాట కూనిరాగం తీసేది.

సోమవారం మొత్తం లోపల మూడు, బయట ఒకటి. మంగళవారం లోపల రెండు, బయట మూడు. బుధవారం లోపల ఒకటి, బయట నాలుగు. గురువారం, జులై 30, లోపల సున్న, బయట ఐదు. ఆ సున్నను నేను కొంచెం పెద్దదిగా రాసిన మాట నిజం. పెద్దాయన దాన్ని చూసి, తన టీలోంచి సగం నా గ్లాసులో పోశాడు.

శుక్రవారం, జులై 31. ఆకాశం మబ్బుగా ఉంది, వాన లేదు. పెద్దాయన కుక్కపిల్లను సబ్బుతో కడిగి తెచ్చాడు. "పెద్దసారు ముందట మంచిగ కనబడాలె," అన్నాడు దానితో, నాతో కాదు. రెండూ పది వరకు లోపల సున్న, బయట నాలుగు.

రెండూ ముప్పై మూడుకు మేనేజరు గారు వచ్చి నా బల్ల ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. క్యాంటీను నుంచి టీ వచ్చింది. మొదటి సైరను అప్పటికే మోగి ఆగింది. అక్క కుక్కపిల్లను తెచ్చి గదిలో దించింది. ఆయన నా పట్టికను పై నుంచి కింది దాకా చదివారు.

"మంచిగనే దారికొచ్చింది. రెండో సైరను దాక ఈడనే ఉండనీయ్. చూసి పోత."

అక్క మొహం వాడిపోయింది. మూడింటికి దాన్ని కుప్ప వెనక్కి తీసుకుపోవడమే మా ఏర్పాటు. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నేను కిటికీకి తిరిగి మస్టరు వేస్తూ, గడియారం చూస్తూ ఉన్నాను. ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

రెండూ నలభై ఒకటికి సైరను మోగింది.

బొగ్గు గనుల దగ్గర బతికిన వాళ్ళకు వివరించనక్కర లేదు. మిగిలిన వాళ్ళకు చెబుతాను: వేళ కాని వేళ మోగే సైరనుకు ఒకే అర్థం ఉంటుంది, కింద ప్రమాదం జరిగిందని. అప్పుడు కింద ఉన్నది రెండు వందల పద్నాలుగు మంది. కిటికీ ముందు వరుస కొయ్యబారిపోయింది. ల్యాంపు రూములో పెద్దాయన దీపాలు లేని ఖాళీ కొక్కేల వైపు తిరిగి, పెదవులతో నంబర్లు చదువుతున్నాడు. క్వార్టర్ల వైపు నుంచి ఆడవాళ్ళు పరుగెత్తి రావడం కనిపించింది. మేనేజరు గారు ఒక్క ఊపున లేచారు. సైరను ఆగలేదు.

నిమిషమున్నర తరువాత అది ఆగి, ఇంజను గదిలోంచి ఫిట్టరు ఒకడు రెండు చేతులూ ఊపుతూ బయటికి ఉరికాడు.

"ఏం గాలే! ఏం గాలే! కొత్త వాల్వు ఏసినం, కొట్టి చూసినం!"

"కొట్టి చూడనీకె గీ టైమే దొరికిందారా నీకు?" వరుసలోంచి కేకలు లేచాయి. "పాణం గొంతుల కొచ్చె గదరా! ఈడికి రా, నిన్ను కొట్టి చూస్తం!"

తిట్లు నవ్వుల్లోకి తిరగడానికి ఇంకో నిమిషం పట్టింది. అప్పుడు అందరం గదిలోకి చూశాం. మేనేజరు గారి టీ కప్పు బోర్లాపడి, టీ బల్ల అంచు మీదుగా నేల మీదికి కారుతోంది. బల్ల కింద కుక్కపిల్ల వణుకుతోంది. దాని కింది నుంచి వచ్చిన మడుగు వెళ్ళి టీ మడుగుతో కలిసింది.

అక్క అప్పటికే గుడ్డతో కూర్చుంది. "అంత చాయే సారూ," అంది గబగబా. "అంత చాయే."

మేనేజరు గారు ఆమెను చూడలేదు, నన్ను చూశారు. "ఏమయ్యా, నీ పుస్తకంల ఏం రాసినవ్?"

మడుగు కనబడిన క్షణాన నా చెయ్యి తన పని తాను చేసేసింది. రాసి ఉంది. గడప దగ్గర పెద్దాయన నిలబడ్డాడు.

"బిడ్డా," అన్నాడు మెల్లగా.

పది రోజుల తరువాత ఆ పిలుపు. ఏమి అడుగుతున్నాడో అర్థమైంది. నేను అబద్ధం చదివితే ఎవరూ పట్టుకోలేరు. ఆ అవకాశం గురించి ఆలోచించలేదని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. ఎంతసేపు ఆలోచించానో మాత్రం చెప్పలేను. గడియారం చూడలేదు. చివరికి ఉన్నదున్నట్టు చదివాను.

"రెండూ నలభై ఒకటి. వేళగాని సైరను. లోపల: కుక్కపిల్ల, ఒకటి. టీ: మేనేజరు గారు, ఒక కప్పు, బల్ల మీద నుంచి నేల మీదికి. సిరా బుడ్డి: టైంకీపరు, ఒకటి, మస్టరు అంచు వరకు."

మేనేజరు గారు పుస్తకం లాక్కుని స్వయంగా చూశారు. తరువాత బల్ల చూశారు, ఆ తరువాత నీలంగా మారిన నా చొక్కా చేతిని చూశారు.

"నన్ను గూడ ఎక్కించినవ్?"

"జరిగింది కద సార్."

"అంటె ముగ్గురం." ఆయన మొహంలో మొదట మీసం కదిలింది, తరువాత భుజాలు. నవ్వుతున్నారని అర్థం కావడానికి మాకు కొంత సమయం పట్టింది. "ఇయ్యాల సైరన్‌కు బుగులువడ్డోళ్ళనంత గోదావరి దాటించాలంటె, లారీలు సాలవు. గని మూసుకోవాలె."

జేబులోంచి నా పాత ఫిర్యాదు తీసి, దాని మీద తాను రాసిన ఆదేశాన్ని అడ్డంగా కొట్టేసి, కింద పొట్టి సంతకం, తేదీ వేశారు. వరుసలో ఎవడో ఈల వేశాడు.

ఈ సందడిలో కుక్కపిల్ల బల్ల కింద నుంచి లేచింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఎత్తుకోలేదు. గడప దాటి, జనం కాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని, ఇసుక కుప్ప వైపు నడిచింది. మనుషులు పక్కకు జరిగి దారిచ్చారు. కుప్ప చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి, మిగిలిన పని అక్కడ ముగించింది. రెండూ యాభై రెండు, బయట, ఒకటి. అక్క మేనేజరు గారి ఎదుటే చప్పట్లు కొట్టింది. మూడింటి సైరనుకు అది ఆమె ఒళ్ళో ఉంది. వణికింది, కాని రొట్టె వదలలేదు.

సాయంత్రం దీపాలు, మస్టరు సరిపోయాక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"గా ఒక్కటి రాయకపోతె నీ కలం ఇరుగుతుండెనా బిడ్డా?"

"లెక్క తప్పుతది పెద్దబాపూ."

"ఇంకో మేనేజరైతె?"

"పట్టుకపోతుండె. నేను గూడ లారీల ఎక్కుతుంటి."

ఆయన నవ్వాడు. తరువాత ఇల్లు చేరేవరకు మాట్లాడుతూనే నడిచాడు, సగం నాతో, సగం దానితో.

యువ మిత్రులకు ఒక్క మాట. మీరు ఏ ఉద్యోగంలో ఉన్నా పట్టిక రాయండి, నిజం రాయండి. రాసే ముందు మాత్రం, నేల తుడిచే మనిషిని ఒకసారి అడిగి గళ్ళు గీయండి. నేను ఐదు రోజులు గొడుగూ గడియారం పట్టుకుని తిరిగింది ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల.

జులై 31 సాయంత్రం పట్టిక కింద గీత గీసి మొత్తం వేశాను. ఆదివారం వదిలేస్తే తొమ్మిది పనిదినాలు. లోపల ఇరవై మూడు. బయట ఇరవై. అంకెల ప్రకారం మేము మూడు తేడాతో ఓడిపోయాం, కుక్కపిల్ల మా దగ్గరే ఉండిపోయింది.